మూత గిన్నె బాకీ

ఉత్తరాభాద్ర కార్తె, మంగళవారం

మధ్యాహ్నం గది వేడి ముప్పై ఏడు. ఆయన తాగిన నీళ్లు తొమ్మిది గ్లాసులు. కళ్లు తిరగలేదు.

ఇది డాక్టరమ్మ రాయమన్న పుస్తకం; రాసేది నేను, నాంచారమ్మ. ఆవిడ చూస్తుంది కనుక పేరు రాయక తప్పదు: మా ఆయన పేరు పున్నారావు, వయసు యాభై ఆరు. పోయిన ఏడాది రోహిణి కార్తెలో పని నుంచి వస్తూ మెట్ల మీద కూలబడ్డారు. అప్పటినుంచి గుండె ఒక వరసలో కొట్టుకోదు. ఈసారి కూడా రోహిణి పై వరసలోనే గడిపితే నేను పూచీ పడలేనమ్మా అని డాక్టరమ్మ ఇవాళ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆయనకు చెప్పలేదు. ఈ పుస్తకం ఆయన ముట్టుకోరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పై వరస అంటే మేముండేది. ఈ గని ఊళ్లో ఇళ్లన్నీ పాత నాపరాయి గని గోడల్లో తొలిచినవే. కిందికి పోయేకొద్దీ చలవ, కిందికి పోయేకొద్దీ ఖరీదు. దివిసీమను సముద్రం తినేశాక పదకొండేళ్ల కిందట ఇక్కడికి వచ్చాం. చేతిలో ఉన్న డబ్బుకు నేలకు ఆనుకునివున్న ఈ గది దొరికింది. అద్దె నాలుగు వేల తొమ్మిది వందలు. ఎండ ఉచితం. ఆ ఎండలోనే వడియాలు పెట్టి అమ్ముతాను.

పైనుంచి నాలుగో వరసలో ఒక గదీ వంటిల్లూ అమ్మకానికి వచ్చాయి. ముందుగా కట్టవలసింది రెండు లక్షల పది వేలు. మా దగ్గర రెండు లక్షల పద్నాలుగు వేలున్నాయి. మిగతాది ఇళ్ల కచేరీ వాళ్లు అప్పుగా ఇస్తారు, పదిహేనేళ్లు కట్టాలి, నెలకు ఆరు వేల నాలుగు వందలు. ఆయన సగం పూటల జీతం, నా వడియాలు కలిపితే పదిహేను వేల చిల్లర. చింతపండు, దీపాల ఖర్చు తగ్గిస్తే సరిపోతుంది. మూడుసార్లు కూడి చూశాను.

రేవతి కార్తె, సోమవారం

గది వేడి ముప్పై తొమ్మిది. నీళ్లు పది గ్లాసులు. సాయంత్రం ఒకసారి గోడ పట్టుకున్నారు.

ఇళ్ల కచేరీకి వెళ్లాను. అక్కడి గుమాస్తా మద్దిలేటి ఈ ఊరి మనిషే. మాట కరుకు, మనసు మంచిది. నా కాగితాలు చూసి తలూపాడు.

"సొమ్ముండాది. ఆదాయం తక్కువే గానీ ఎట్లనో సర్దుతాం. పరపతే లేదమ్మా నీకు."

"పరపతి లేకపోవడమేంటండీ? నేనెవరికీ పైసా బాకీ లేను."

"ఐదొందలుండాల. నీది నాలుగొందల ముప్పై ఒకటి. అంకె వేసేది మిషను, నేను గాదు."

"ఎందుకు తగ్గిందో చెబుతుందా మీ మిషను?"

అతను తెర నావైపు తిప్పాడు. తీరని బాకీ ఒకటి. పదకొండేళ్ల నాటిది. ఇచ్చినవారు: దస్తగిరమ్మ, పై వరస.

దస్తగిరమ్మ అంటే మా పక్కింటి అక్క. మేం ఈ ఊరు వచ్చిన రోజున మొదట పలకరించిన మనిషి. ఆవిడ దగ్గర నేను డబ్బు ఎప్పుడూ తీసుకోలేదు. కింది గీత చదివాను. వస్తువు: మూత గిన్నె, స్టీలు, ఒకటి.

నవ్వొచ్చింది. మద్దిలేటి నవ్వలేదు.

"గడప కన్ను చూసి రాసినాదమ్మా ఇది," అన్నాడు.

ప్రతి గుమ్మం మీదా ఒక కన్నుంటుంది. ఇనుము కరువైన రోజుల్లో గిన్నెల దొంగతనాలు ఎక్కువై వాటిని పెట్టారు. ఏ ఇంటి గిన్నె ఏ గడప దాటింది, ఎంత బరువుతో దాటింది, అంతా దానికి తెలుస్తుంది. ఆ లెక్క కచేరీ దాకా పోతుందని నాకు తెలియదు.

"గిన్నె ఆమెది. నీ ఇంటికొచ్చింది. అప్పు. సరేనా? వట్టిగ తిరిగి పోతే అప్పు తీరినట్టు. నువ్వు పంపినప్పుడల్లా లోపల ఏదో ఒకటి ఉండాది. అంటే మిషనుకు ఎట్లుంటాదంటే, తీర్చలేక నోటు తిరగరాసినట్టు. పదకొండేండ్లలో నువ్వు తిరగరాసినట్టు ఇంకెవరూ రాసిండరు."

"వట్టి గిన్నె ఎలా పంపుతామండీ ఎవరైనా?"

"నన్నడుగుతావేంది. మా ఇంట్లో కూడా పంపరు. అందుకే నేనూ రెండో వరసలోనే ఉండా."

రేవతి కార్తె, బుధవారం

గది వేడి ముప్పై తొమ్మిది. నీళ్లు తొమ్మిది గ్లాసులు. పగలంతా పడుకునే ఉన్నారు.

పెళ్లయినప్పటి నుంచి ఇంటి ఖర్చు ప్రతి రోజూ రాస్తున్నాను. అగ్గిపెట్టె కూడా వదలలేదు. ఈ గిన్నె మాత్రం ఏ పేజీలోనూ లేదు. గిన్నెలకు లెక్క రాయడం ఎక్కడైనా ఉందా?

అక్క కొర్రబువ్వ పంపుతుంది. నేను గోంగూర పచ్చడి పెట్టి పంపుతాను. రెండు రోజుల తర్వాత అందులోనే జొన్నరొట్టె ముక్కలు వస్తాయి. నేను వడియాలు వేయిస్తే అందులో పోతాయి. గిన్నె ఎవరిదో ఇద్దరం ఎప్పుడో మరిచిపోయాం.

ఆయనకు చెప్పాను. పడుకున్నవారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"ముప్పై ఏళ్ల కాపురంలో నువ్వు అప్పు చేశావంటే ఇన్నాళ్లకి వింటున్నాను. అదీ పచ్చడి అప్పు!"

"నవ్వకండి, ఆయాసం వస్తుంది."

వచ్చింది కూడా. వీపు రాస్తూ కూర్చున్నాను.

కచేరీ నిబంధన ఇది: గిన్నె వట్టిగా పోవాలి. ఆ తర్వాత ఒక కార్తె నిండా మా గడప మీదుగా పరాయి గిన్నె రాకూడదు. అప్పుడు అంకె మళ్లీ వేస్తారు. రోహిణి లోపల అయ్యే పనే.

అశ్విని కార్తె, శుక్రవారం

గది వేడి నలభై. నీళ్లు పదకొండు గ్లాసులు. పొద్దున కళ్లు తిరిగాయి.

గిన్నె తోమి ఆరబెట్టాను. తీసుకుని గుమ్మం దాకా వెళ్లాను. కాలు కదలలేదు. వెనక్కి వచ్చి పంచదార డబ్బా తీసి, రెండు వేళ్లకు వచ్చినంత వేశాను. మిషను అంత చిన్న లెక్క చూస్తుందా అనుకున్నాను. మా అమ్మ కూడా ఇంట్లో ఏమీ లేని రోజున నాలుగు బియ్యపు గింజలు వేసేది.

సాయంత్రం మద్దిలేటి కబురు పంపాడు: "గ్రాముకు కూడా తక్కువే గానీ తిరగరాసినాది. ఏమేసినావు తల్లీ?"

అక్క అప్పటికే గిన్నెలో శనగల తాలింపు పంపేసింది. తిన్నాం. బాగుంది.

అశ్విని కార్తె, మంగళవారం

గది వేడి నలభై ఒకటి. నీళ్లు పది గ్లాసులు. పనికి వెళ్లలేదు. జీతంలో ఒక పూట కోత.

దొంగచాటుగా అయ్యే పని కాదని అక్క దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ గడప లోపల కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. అరవై ఏడేళ్లు. ఒక్కతే ఉంటుంది.

"అంటే నేను నీకు అప్పిచ్చిన సావుకారినన్నమాట," అంది. "వడ్డీ యెంతేసినాడు మీ మిషను?"

"అక్కా, ఎకసెక్కం తర్వాత. ఒక్కసారి గిన్నె వట్టిది తెస్తాను. నువ్వు తీసుకో. ఇల్లు వస్తుంది."

కత్తెర ఆగింది.

"వట్టి గిన్నె యే ఇంటి నుంచి వస్తాదో నీకు తెల్సునా?"

తెలుసు. మా వైపూ అంతే. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు అన్నం పంపుతారు. ఆ గిన్నెలు మాత్రమే వట్టివి తిరిగి పోతాయి.

"మా ఆయన పోయినప్పుడు తొమ్మిది గిన్నెలు వట్టిగ పంపినా," అంది అక్క. "ఆ తర్వాత యే గిన్నే వట్టిగ పంపలేదు. పున్నారావు ఆడ దగ్గుతా పండుకోనుండాడు. నువ్వు ఆ ఇంట్లో నుంచి నా ఇంటికి వట్టి గిన్నె తెస్తానంటాండావు. నీకు నోరెట్ల వచ్చె మ్మే?"

ఆవిడ వక్క ముక్కలు రెండు నా చేతిలో పెట్టింది. అలవాటుగా తీసుకున్నాను. గడప దాటాక గుర్తొచ్చి, గిన్నె కాదు కదా అనుకుని నోట్లో వేసుకున్నాను.

భరణి కార్తె, గురువారం

గది వేడి నలభై రెండు. నీళ్లు పన్నెండు గ్లాసులు. కాళ్లకు వాపు.

అక్క నాతో చెప్పకుండా కచేరీకి వెళ్లింది. మోకాళ్ల నొప్పులతో కింది వరస దాకా మెట్లు దిగి, "ఆ గిన్నె నాకొద్దు, బాకీ మాఫీ చేసినా, నాంచారమ్మ పేరు కొట్టేయండి," అని వేలిముద్ర వేసి వచ్చింది. వచ్చి మా గుమ్మంలో నిలబడి, విజయం సాధించిన మనిషిలా చెప్పింది.

"పో, ఇంగ ఇల్లు కొనుక్కో పో. దస్తగిరమ్మతో పెట్టుకుంటాడా ఆ మిషను!"

పరుగెత్తుకుంటూ కచేరీకి వెళ్లాను. అంకె రెండు వందల తొంభై.

మద్దిలేటి తల పట్టుకుని ఉన్నాడు. "ఆమెకు చెప్తానే ఉండా, వినలేదు. మాఫీ అంటే ఏంది? ఇచ్చినోళ్లు ఆశ వదులుకున్నారని. పదకొండేండ్లు తీర్చక, ఇంగ తీర్చదులే అని వదిలేసిన బాకీ. దానికన్నా చెడ్డ పేరు ఇంగొకటి లేదు."

"వెనక్కి తీసుకోవడానికి లేదా?"

"ఈ కార్తె అయిపోయే లోపల ఆమె వచ్చి మాఫీ రద్దు చేయాల. మళ్లీ నువ్వు గిన్నె వట్టిగ పంపాల. అంతే దారి. ఆ ఇంటికి ఇంగొకరు సొమ్ము పట్టుకోని తిరుగుతాండారు, చెప్తాండా."

మనుషుల్ని పైకి లాగే తొట్టి ఎక్కడానికి ఐదు రూపాయలు. ఎక్కలేదు. నాలుగు వరసల మెట్లు ఎక్కి వచ్చేసరికి గొంతు ఎండిపోయింది. దారిలో నాలుగో వరస దగ్గర ఆ ఇంటి ముందు కాసేపు నిలబడ్డాను. తలుపు కింద నుంచి చల్లగాలి కాళ్లకు తగిలింది.

అక్కకు చెప్పాను. మొదట నమ్మలేదు.

"ఇచ్చింది వద్దంటే తప్పయితాదా?" అని తర్వాత అడిగింది.

భరణి కార్తె, శనివారం

గది వేడి నలభై రెండు. నీళ్లు పన్నెండు గ్లాసులు. రాత్రి రెండుసార్లు లేచి కూర్చున్నారు.

నిన్న అక్క మళ్లీ మెట్లు దిగి, మాఫీ రద్దు చేసి వచ్చింది. వెంట నేనూ వెళ్లాను.

ఇవాళ ఆయనకు అసలు సంగతి చెప్పేశాను. డాక్టరమ్మ అన్నదీ, వట్టి గిన్నె సంగతీ, అక్క ఎందుకు ఒప్పుకోవడం లేదన్నదీ. దాచే ఓపిక లేదు. ఆయన పైకప్పు చూస్తూ విన్నారు.

"పంపవే. నేనేమైనా ఆ గిన్నెలో కూర్చుని ఉన్నానా?"

"మీకు వేళాకోళంగా ఉంది."

"వేళాకోళం కాదే నాంచారీ. శకునం చూసుకుంటే ఒక్కసారి భయం. ఈ గదిలో ఉంటే రోజూ భయం. ఏది తక్కువో నువ్వే లెక్క వెయ్యి. లెక్కలు నీవి కదా."

వేశాను. గిన్నె తోమాను. ఒకసారి కాదు, రెండుసార్లు. లోపల తడి కూడా బరువే కనుక కొంగుతో తుడిచాను. మూత పెట్టాను. వట్టి గిన్నె మీద మూత పెడితే ఎంత చప్పుడవుతుందో ఇంతకు ముందు తెలియదు.

అక్క తన గడప లోపల నిలబడి ఉంది. ఇంట్లో దీపం వెలిగించి పెట్టుకుంది. నేను చేతులు చాచాను. ఆవిడ గిన్నె వైపు చూడలేదు, నా వెనక మా తలుపు వైపు చూసింది. సరిగ్గా అప్పుడే ఆయన లోపలి నుంచి గట్టిగా, "దస్తగిరమ్మక్కా! నేనిక్కడే ఉన్నా! తీసుకో!" అని అరిచారు. అరిచిన దానికి దగ్గు వచ్చింది.

ఆ దగ్గు ఆగేదాకా విని అక్క గిన్నె అందుకుంది. గుమ్మం మీద కన్ను ఒకసారి పచ్చగా మెరిసింది. ఆవిడ లోపలికి వెళ్లి గిన్నెను గూట్లో బోర్లించి పెట్టింది. "పో" అంది. నేను వచ్చేశాను.

కృత్తిక కార్తె, ఆదివారం

గది వేడి నలభై మూడు. నీళ్లు పదమూడు గ్లాసులు. వాపు తగ్గలేదు. మాట ముద్దగా వస్తోంది. డాక్టరమ్మ మందు మార్చింది, నూట ఎనభై రూపాయలు.

ఏ గిన్నే రాలేదు, ఏ గిన్నే పోలేదు. పప్పు కొలత తప్పుతోంది. చెయ్యి అలవాటుగా ఒక గుప్పెడు ఎక్కువ పోస్తోంది. మిగిలింది మర్నాడు మేమే తింటున్నాం. ఖర్చు ఏమీ తగ్గలేదు.

అక్క గోడవతల మసలుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఎదురైతే తల పక్కకు తిప్పుకోదు, కానీ ఆగదు. ఉగ్గాని తాలింపు వాసన వచ్చినప్పుడు ఆయన, "ఇవాళ మిరపకాయలు మాడ్చేసింది," అన్నారు. ముక్కు పనిచేస్తోందని డాక్టరమ్మ కోసం రాశాను.

కృత్తిక కార్తె, శనివారం

గది వేడి నలభై నాలుగు. నీళ్లు పన్నెండు గ్లాసులు. కళ్లు రెండుసార్లు తిరిగాయి.

ఇవాళ్టితో కార్తె నిండింది. అంకె ఐదు వందల ఆరు.

మద్దిలేటి కాగితాల మీద ముద్ర వేస్తూ చివరి షరతు చదివాడు. అప్పు తీరేదాకా, అంటే పదిహేనేళ్లు, మా గడప మీద తీరని గిన్నె ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే ఇల్లు వెనక్కి.

"సంతకం పెట్టేముందు ఆలోచించుకో అమ్మా," అన్నాడు.

"ఆలోచించే టైము ఎక్కడుందండీ?" అని పెట్టేశాను. రెండు లక్షల పది వేలు లెక్కపెట్టి ఇచ్చాను. అవి పదకొండేళ్ల వడియాలు.

రోహిణి కార్తె, మంగళవారం

నాలుగో వరస. గది వేడి ముప్పై. నీళ్లు ఏడు గ్లాసులు. కళ్లు తిరగలేదు. తొమ్మిది గంటలు ఏకధాటిగా నిద్రపోయారు. శ్వాస ఆడుతోందా అని నేనే నాలుగుసార్లు లేచి చూశాను.

సామాను దించడానికి ముగ్గురు కూలీలు, తొట్టి బాడుగ, మొత్తం ఆరు వందల నలభై. వచ్చేటప్పుడు అక్క తలుపు వేసి ఉంది. తట్టలేదు.

ఎదురింటావిడ గుమ్మంలో నుంచే నమస్కారం పెట్టి, "ఏమైనా కావాలంటే అడగండి," అని తలుపు వేసుకుంది. మంచావిడే. చేతిలో ఏమీ లేదు. ఈ వరసలో ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు.

రోహిణి కార్తె, శుక్రవారం

గది వేడి ముప్పై. నీళ్లు ఆరు గ్లాసులు. ఆయన లేచి తలుపు దాకా నడిచారు.

వడియాలు ఎండబెట్టడానికి పైకి వెళ్లాను. అక్కడ నలభై ఆరు. అక్క తలుపు తెరిచే ఉంది. నేల మీద తడిగుడ్డ పరుచుకుని పడుకుని ఉంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి, లేవలేక మోచేతి మీద ఆనుకుంది.

"యెట్లుండాడు?"

"బాగున్నారక్కా. నడుస్తున్నారు. నీ గురించే అడుగుతున్నారు. లే, కిందికి పోదాం. పొద్దంతా మా ఇంట్లో పడుకుని చల్లబడ్డాక పైకి వద్దువు గాని."

"నేను రాను."

"కోపమా?"

"కోపమేంది మ్మే. కొత్తింటికి మొదటిసారి వచ్చేది. వట్టి చేతుల్తో యెట్ల వచ్చేది? ఏమన్నా తెస్తే నీ ఇల్లు పోతాది. అందుకే రాను."

ఆవిడ పక్కన ఆ తడిగుడ్డ మీదే కూర్చున్నాను. నేల గుడ్డలోంచి కూడా కాలుతోంది.

"నేను వట్టి గిన్నె పట్టుకుని నీ గడపకు వచ్చాను. ఇంట్లో ఆయనను అలా పెట్టుకుని వచ్చాను. నువ్వు తీసుకున్నావు. ఇప్పుడు నువ్వు వట్టి చేతులతో నా గడపకు రాలేవా అక్కా?"

ఆవిడ నా భుజం పట్టుకుని లేచింది. నడుముకు కట్టిన వక్కల సంచి విప్పి గూట్లో పెట్టింది. వేలికున్న రాగి ఉంగరం తీయబోతే, "అదక్కర్లేదులే," అన్నాను.

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. మా గుమ్మం ముందు ఆగి, పైనున్న కన్నుకు రెండు అరచేతులూ తిప్పి చూపించింది.

"సూస్కో. ఏమీ తేలేదు. రాసుకో."

కన్ను మెరవలేదు. ఆవిడ లోపలికి వచ్చింది.

"ఏందిది, మజ్జిగ కుండలో కూసున్నట్టుండాది!" అని నేల మీద చేతులు ఆనించి, గోడకు చెంప ఆనించి, అప్పుడు ఆయన మంచం దగ్గరికి వెళ్లింది. "అరిస్తివే ఆ రోజు, నేనిక్కడే ఉండా అని. సావు భయం లేదా నీకు?"

"నువ్వు తీసుకోవేమోనని భయం," అన్నారు ఆయన.

ముగ్గురం మా కంచాల్లో తిన్నాం. ఎక్కువ పోసిన పప్పు సరిపోయింది. ఉప్పు తక్కువైందని అక్క రెండుసార్లు అంది, రెండుసార్లూ వడ్డించుకుంది. చల్లబడేదాకా పడుకుని, వెళ్లేటప్పుడు గడప ఇవతల నిలబడి అలవాటుగా నా చేతుల వైపు చూసింది. నా చేతుల్లో ఏమీ లేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో నాకూ తెలియలేదు.

"రేపు గూడా ఇట్లనే రావల్లనా?" అంది.

"రోజూ అక్కా. పదిహేనేళ్లు."

"అన్నేండ్లా! యెవరు బతుకుతారు మ్మే అన్నాళ్లు?"

"ఈయన్ని అడుగు."

లోపలి నుంచి ఆయన గురక వినిపించింది. అక్క దాన్ని కాసేపు విని, మెట్ల వైపు చూసి, నా చెయ్యి పట్టుకుంది. తొట్టికి ఐదు రూపాయలు నేనే ఇచ్చాను. ఖర్చులో రాశాను.